రాశి మనిషి తొడ మీద చంద్రుడు

కోవిడ్ వార్డులు మళ్లీ మామూలు వార్డులైన తర్వాతి శీతాకాలంలో, నేను రిటైరవడానికి కొంచెం ముందు, నాకు ఆసుపత్రి కారిడార్ అప్పగించారు. ఢిల్లీ శివార్లలోని ఆ వైద్య కళాశాలలో నా హోదా సీనియర్ ఆర్టిస్ట్. శస్త్రచికిత్స పాఠాలకు బొమ్మలు గీయడం మా విభాగం పని. కంప్యూటర్లు వచ్చాక పని పోయింది, హోదా మిగిలింది. ఊరికే జీతమిస్తున్నామన్న బెంగ కొత్త డైరెక్టరుగారికి పట్టుకున్నట్టుంది. పదిహేనో శతాబ్దపు ఐరోపా వైద్య చిత్రాలకు చేత్తో నకళ్లు వేసి, ఆపరేషన్ థియేటర్లకు వెళ్లే దారిలో పెట్టమన్నారు.

నకలుకు ఒక నియమం ఉంది. మూలంలో తప్పుంటే ఆ తప్పూ వెయ్యాలి. కాలేయాన్ని ఐదు భాగాలుగా గీసి ఉంటే ఐదూ గీయాలి. అనాటమీ ప్రొఫెసర్లు నా భుజం మీంచి చూసి, ఇది తప్పండీ అని ఎంతో ఓపిగ్గా చెప్పేవారు. నేనూ అంతే ఓపిగ్గా అవునండీ అనేవాణ్ణి.

వాటిలో అందరికీ నచ్చింది రాశి మనిషి. నిలబడ్డ మనిషి ఒంటి నిండా పన్నెండు రాశులు ఉంటాయి. తల మీద మేషం, తొడల మీద ధనుస్సు, మోకాళ్ల మీద మకరం, పాదాల దగ్గర మీనం. మన జ్యోతిషంలోని కాలపురుషుడికి దూరపు చుట్టం అనుకోవచ్చు. చంద్రుడు ఏ రాశిలో ఉంటే ఆ అవయవానికి కత్తి తగలనివ్వకూడదని అప్పటి వైద్యుల నమ్మకం. డైరెక్టరుగారు ఈ మాటను హిందీలోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాయించి బొమ్మ కింద పెట్టించారు. అప్పటి నమ్మకం అన్న ముక్క మాత్రం చిన్న అక్షరాల్లో పడింది.

సూర్యప్రకాశం గారిది భీమవరం. కరోల్ బాగ్‌లో సివిల్స్ పిల్లలకు చరిత్ర చెప్పి, లక్ష్మీ నగర్‌లో స్థిరపడ్డారు. డెబ్బై దాటిన వయసులో స్నానాలగదిలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. ఎక్స్‌రేకు తీసుకెళ్తున్న స్ట్రెచర్ లిఫ్టు కోసం సరిగ్గా రాశి మనిషి ముందు ఆగింది. పడుకున్న మనిషికి చదవడం తప్ప పనేముంది? ఫోన్లో పంచాంగం తీశారు. చంద్రుడు మర్నాడంతా ధనుస్సులోనే. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టనన్నారు.

ఆ వయసులో తొడ ఎముక విరిగితే ఆలస్యం పనికిరాదు. కదలకుండా పడుకున్న కొద్దీ ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. మర్నాడు తప్పితే థియేటర్ మళ్లీ వారం మధ్యలో గానీ ఖాళీ లేదు. ఈలోగా అమావాస్య ఒకటి వస్తోందని ఆయన భార్య శారద గారు భయపడుతున్నారు. చంద్రుడు దాటినా అమావాస్య అడ్డం వేస్తారని ఆవిడకు తెలుసు.

సర్జన్ పంజాబీ ఆయన. మంచివాడే గానీ కోపం కాస్త తొందరగా వస్తుంది. నన్ను పిలిపించి, బొమ్మ వేసింది మీరు, మీ ఇద్దరిదీ ఒకే భాష, ఆప్ హీ సంభాలియే, మీరే చక్కబెట్టండి, లేదంటే ఆ బొమ్మ గోడ దిగుతుందన్నారు. నా సర్వీసులో ఒక రోగిని నాకు రిఫర్ చేయడం అదే మొదలు.

థియేటర్ నర్సు రత్నకుమారిని తోడు తీసుకుని వార్డుకు వెళ్లాను. ఆమెది నరసాపురం. చర్చి మనిషి, జాతకాల ఊసు లేదు. అయినా సూర్యప్రకాశం గారు చెప్పిందంతా నవ్వకుండా వింది.

చరిత్ర మాస్టారితో వాదించి గెలిచే ఆశ నాకు లేదు. మూఢనమ్మకమంటే చాలు, ఆయన సింధు నాగరికత నుంచి మొదలుపెడతారు. అందుకని బొమ్మ పక్షాన్నే మాట్లాడాను. అది పాశ్చాత్యుల బొమ్మ కాబట్టి దానికి వాళ్ల లెక్కే చూడాలన్నాను. వాళ్ల రాశిచక్రానికీ మనదానికీ దాదాపు ఇరవై నాలుగు డిగ్రీల తేడా. వాళ్ల లెక్కలో చంద్రుడు అంత ముందుంటాడు కాబట్టి రేపు పొద్దుటికి ధనుస్సు దాటి మకరంలో ఉంటాడు. మోకాళ్లకు ఆపరేషన్ కాదు కదా, తొడకు అడ్డేమీ లేదని ముగించాను. డైరెక్టరుగారి ముందు కూడా అంత గంభీరంగా ఎన్నడూ మాట్లాడలేదు.

ఆయన కళ్లజోడు తీసి గుండెల మీద పెట్టుకున్నారు.

"ఆ తేడా నాకూ తెలుసండీ," అన్నారు. "మీకు తెలీకపోతే బాగుండుననుకున్నాను."

నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. మంచం పక్కనున్న శారద గారు తల తిప్పుకున్నారు. ఆయనే రత్నకుమారితో, "మా తమ్ముడు ఇలాగే మత్తు తీసుకుని మళ్లీ లేవలేదమ్మా," అన్నారు.

ఏమీ కాదని ఆమె అనలేదు. మత్తు డాక్టరును ఇప్పుడే తీసుకొస్తానని, తమ్ముడి సంగతి ఆయనకు దాచకుండా చెప్పమని అంది. "రేపు డ్యూటీ నాదే మాస్టారూ. మీ తల దగ్గరే ఉండి తెలుగులో మాట్లాడతా ఉంటాను."

మత్తు డాక్టరు వచ్చి అంతా విన్నారు. పూర్తి మత్తు అక్కర్లేదని, నడుం కింది భాగానికే ఇస్తే సరిపోతుందని తేల్చారు. సూర్యప్రకాశం గారు సంతకం పెట్టారు. మర్నాడు ఆపరేషన్ సాగినంతసేపూ మెలకువగా ఉండి, చేపల పులుసులో మామిడికాయ వెయ్యాలా చింతపండు వెయ్యాలా అని రత్నకుమారితో వాదించారట. నెల తిరక్కుండా వాకర్ పట్టుకుని నడిచారు.

బొమ్మ గోడ మీదే ఉంది. కింద అప్పటి నమ్మకం అన్న ముక్కను డైరెక్టరుగారు పెద్ద అక్షరాల్లోకి మార్పించారు.

ఈ ఉదంతం నేర్పింది ఇది. రోగి ఆపరేషన్ వద్దనడానికి ఒక కారణం చెబుతాడు. ఆ కారణానికి జవాబు చెప్పడం కష్టం కాదు, నేనే చెప్పగలిగాను. కానీ మీకు దేనికి భయం అని సర్జనూ అడగలేదు, నేనూ అడగలేదు. పాపం, ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది.