గయలో వెంకటలక్ష్మి వదిలింది

రాజోలు దగ్గర ఒక ఊళ్ళో సూరిబాబుకి గొప్ప మాతృభక్తుడని పేరు. ఆ మాట వింటే ఆయన చెల్లెలు వెంకటలక్ష్మికి ఒళ్ళు మండేది. మండదా మరి? తొంభై ఆరు తుఫానుకి లేచిపోయిన ఇంటి కప్పుని నెల తిరక్కుండా బాగుచేయించుకున్న పెద్దమనిషి, మంచాన పడ్డ తల్లి సూరమ్మని మాత్రం కొబ్బరికాయల కొట్టులో పడేశాడు. వానొస్తే ఆ కొట్టంతా కారేది. అమ్మని కొత్తపేటలో తనింటికి తీసుకుపోతానని వెంకటలక్ష్మి కాళ్ళావేళ్ళా పడితే, కొడుకుండగా కూతురింట పోతే తన పరువేం కావాలని కసిరాడు. మరుసటి వానాకాలం సూరమ్మ ఆ కొట్టులోనే పోయింది.

ఆ పరువే తరవాత ఆయన్ని గయ నడిపించింది. అక్కడ పిండం పెడితే తరాలు తరిస్తాయట. పెట్టినవాడికి పుణ్యమూ, ఊళ్ళో పేరూ సరేసరి. దారిలో వండిపెట్టే మనిషి కావాలి గనక చెల్లెల్నీ రమ్మన్నాడు. పిండం ముందైనా అన్నయ్య "తప్పయిపోయిందమ్మా" అంటాడేమో, ఆ ఒక్క మాట చెవిన పడితే చాలని వెంకటలక్ష్మి వెళ్ళింది. పిచ్చిది.

గయలో తల్లికి పదహారు పిండాలు పెట్టిస్తారు, ఆవిడ పడ్డ ఒక్కో కష్టానికీ ఒకటి. తెలుగు పంతులుగారొకాయన మంత్రం చదివి అర్థం చెబుతున్నారు. నిన్ను పొడిగుడ్డల్లో పెట్టి తాను తడిపక్కలో పడుకున్నందుకు ఈ పిండం అన్నారు. వెంకటలక్ష్మి అన్న మొహంకేసి చూసింది. ఆయన పిండం పెట్టి, చెయ్యి దులుపుకుని, తరవాతది కానిమ్మన్నాడు.

అంతా అయ్యాక, బాగా ఇష్టమైనదొకటి, కాయో పండో ఇక్కడ వదిలేయాలి, ఇక బతికున్నన్నాళ్ళూ ముట్టకూడదు అన్నారు పంతులుగారు. సూరిబాబు కాకరకాయ వదిలాడు. బుద్ధెరిగినప్పట్నుంచీ కాకరకాయ నోట పెట్టిన మనిషి కాదు. తల్లినే ఏమార్చినవాడికి దేవుడొక లెక్కా?

"మీరేం వదుల్తారమ్మా?" అని వెంకటలక్ష్మిని అడిగారు.

"నాకు అన్నిటికన్నా ఇష్టం మా అన్నయ్యండి. చిన్నప్పుడు నన్ను భుజాలమీదెక్కించుకుని తిప్పేడండి. ఆయన్నే వదిలేస్తున్నానండి."

సూరిబాబు నవ్వబోయాడు. పంతులుగారు నవ్వలేదు. ఆమె చేతిలో నీళ్ళు పోశారు, ఆమె వదిలింది.

కొన్నేళ్ళకి సూరిబాబుకి పక్షవాతం వచ్చింది. చెల్లెలి చేతి ముద్ద తినాలనుందని మనిషిని పంపాడు.

"గయలో వదిలింది మళ్ళీ ముట్టకూడదండి," అని చెప్పి వెంకటలక్ష్మి తలుపేసుకుంది. తలుపు వెనకాలే కూలబడి ఏడ్చింది. గడియ మాత్రం తియ్యలేదు.