ఆదివారం దాకా ఉందామంది

పక్కింటి ఆంటీ పోయిందన్న కబురు మా తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆదివారం భోజనాలకి ఎవరేం వండుకొస్తారన్న జాబితాకీ, పార్కింగ్ స్థలం మారిందన్న ప్రకటనకీ మధ్య రెండే రెండు లైన్లు. డల్లాస్ దగ్గర కాపెల్‌లో కొడుకింట్లో, నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. గురువారం ఉదయం, నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. కెమెరా ఆపేశాను గాని కాల్ వదిలి వెళ్ళలేదు. నా వంతు వచ్చినప్పుడు, నా పనికి అడ్డేమీ లేదని, "నో బ్లాకర్స్" అని కూడా అన్నాను.

వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. తొమ్మిదేళ్ళు ఆ గోడకి అవతల ఆవిడ, ఇవతల మేము. నాకు పాప పుట్టినప్పుడు మా అమ్మకి వీసా రాలేదు. మూడో రోజు పొద్దున్నే ఆంటీ తలుపు కొట్టి, చేతులు కడుక్కుని, పాపని నా చేతుల్లోంచి తీసుకుంది. "ముందు నీళ్ళు నీ మోచేతి మీద పోసుకుని చూడాలమ్మా. వేళ్ళకి వేడి తెలీదు," అంది. పాపకే కాదు, మంచాన పడ్డ మా మామగారికి ఒళ్ళు తుడిచిన రోజుల్లోనూ నాకు ఆ మాటే పనికొచ్చింది.

ఆవిడది నరసాపురం దగ్గర పల్లె. మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివింది. అక్కడ పనిచేసిన ఒక ఇటలీ డాక్టరమ్మ సాయంతో ఇరవై మూడేళ్ళ వయసులో ఆ దేశం వెళ్ళి, సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో వృద్ధాశ్రమంలో ఆరేళ్ళు చేసింది. తర్వాత అమెరికా సంబంధం కుదిరి ఇక్కడికి వచ్చేసింది. ఇక్కడ ఆవిడ మెల్లగా, తప్పు వస్తుందేమోనన్నట్టు ఇంగ్లీషు మాట్లాడేది. పిల్లలు సరిదిద్దేవారు. దాంతో ఇంకా తగ్గించేసింది. ఇటలీ మాటలు మాత్రం తెలుగులోకి వాటంతటవే దొర్లేవి. అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి "బస్తా, బస్తా" అనేది. ఈవిడకి బియ్యం బస్తా ఎందుకు గుర్తొచ్చిందా అని మొదట్లో బిత్తరపోయాను. ఇక చాలు అని అర్థమట. మా పాప ఇప్పటికీ అదే అంటుంది, అది తెలుగే అనుకుని.

ఆవిడకి డెబ్భై నిండిన ఏడాది పిల్లలు ఇటలీ తీసుకెళ్ళారు. రోమ్, ఫ్లారెన్స్, వెనిస్. ఎనిమిది రోజులు, బస్సు నిండా జనం, గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నడిచే గైడు. ఫ్లారెన్స్ నుంచి మూడు గంటలు రైల్లో వెళితే తన ఊరు వస్తుందని కొడుకుని అడిగిందట.

"అక్కడేముంది మమ్మీ? ఆన్‌లైన్‌లో రివ్యూస్ కూడా లేవు," అన్నాడట.

తిరిగొచ్చాక నాకు ఈ సంగతి చెబుతూ నవ్వింది. "ఏమీ లేదమ్మా, నిజమే. ఒక ముసలావిడ ఉంది. మట్టిలో."

ఆ ముసలావిడ గురించి ఆరోజే మొదటిసారి విన్నాను. ఆశ్రమంలో మంచం దిగలేని మనిషి, నా అన్నవాళ్ళు లేరు. ఆంటీకి భాష నేర్పింది ఆవిడే. ఇద్దరికీ లేసు అల్లడం వచ్చు. ఒకరి అల్లిక ఒకరికి నచ్చేది కాదు, పోట్లాడుకునేవారు. చివరి రోజు నీ కళ్ళు నేనే మూస్తానని ఆంటీ ఆవిడకి మాటిచ్చింది. ఈలోగా ఇంట్లోవాళ్ళు పెళ్ళి ఖాయం చేసి టికెట్ పంపారు.

"ఆ పొద్దున కూడా స్నానం చేయించాను. తల దువ్వాను. వెళ్ళిపోతున్నానని చెప్పడానికి నోరు రాలేదమ్మా. సాయంత్రం వస్తానని చెప్పి వచ్చేశాను." మళ్ళీ తనే అంది: "పదిహేను రోజులకి పోయిందట. సాయంత్రమయ్యేసరికి తలుపు వైపే చూసేదని ఉత్తరం రాశారు."

నేను తీసుకెళ్తానన్నాను. ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

పోయినేడు అక్టోబరులో వెళ్ళాం, ఇద్దరమే. పాపని మావారికి వదిలేశాను. వాళ్ళబ్బాయి నాకు ఫోన్ చేసి, "అక్కా, మామ్‌కి బీపీ ఉంది. ప్లీజ్, ఒంటరిగా ఎక్కడా వదలొద్దు," అన్నాడు. సరేనన్నాను.

ఊరి పేరు నేను రాయను. ఆవిడే వద్దంది. "పేరు బయట పడితే ఫోన్లు పట్టుకుని వచ్చేస్తారమ్మా. సముద్రాన్ని చూసి వెళ్ళిపోతారు. సముద్రం పక్కన కూర్చోవాలి గాని," అనేది. అక్కడికి నాలుగు స్టేషన్ల ముందే రైలు సగం ఖాళీ అయిపోయింది. జనమంతా పెద్ద పేరున్న ఊళ్ళ దగ్గర దిగిపోయారు. మా స్టేషన్లో మేమిద్దరమే దిగాం. గులకరాళ్ళ ఒడ్డు, పైకి లాగి బోర్లించిన పడవలు, మూసిన కిటికీలు, ఒకే ఒక కాఫీ కొట్టు. ఆశ్రమం ఉన్న భవనం వేసవి హోటలు అయిపోయింది. దానికి తాళం వేసి ఉంది.

రొట్టెల కొట్లో గల్లా దగ్గర కూర్చున్న ముసలావిడ ఆంటీ వైపు చాలాసేపు చూసి, "ఇండియానా!" అని ఒక్క కేక పెట్టింది, ఇండియా అమ్మాయీ అని. వాళ్ళమ్మ కూడా ఆ ఆశ్రమంలోనే పోయిందట. ఇద్దరూ చేతులు పట్టుకుని గడగడా మాట్లాడుకున్నారు. ఆంటీ గొంతు పెద్దది చేసి, చేతులు తిప్పుతూ, మధ్యలో ఎదుటి మనిషి మాట తుంచేసి మాట్లాడుతోంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తొమ్మిదేళ్ళు గోడకి అవతల ఉన్న మనిషి ఈవిడేనా అనిపించింది. అదే సమయంలో ఫోన్‌లో ఆఫీస్ మెసేజీలు చూసుకుంటూనే ఉన్నాను.

రెండో రోజు శ్మశానానికి వెళ్ళాం. కాపలా ఉండే ఆయన దగ్గర పెద్ద పుస్తకం ఉంది. పేరు దొరికింది. సమాధి లేదు.

అక్కడ మట్టిలో చోటు కొన్నేళ్ళకేనట. గడువయ్యాక సొంతవాళ్ళెవరూ రాకపోతే తవ్వి, ఎముకలు తీసి, అందరివీ కలిపి ఒకే గదిలో పెట్టేస్తారు. ప్రార్థన గది కింద చిన్న ఇనుప తలుపు చూపించాడు. ఆయన చెప్పిందంతా ఆంటీ నాకు ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది, ఎవరో పేషెంటు సంగతి డాక్టరుకి చెబుతున్నట్టు. సమాధి మీద పరచడానికి అల్లుకొచ్చిన లేసు గుడ్డ ఆవిడ చేతిలోనే ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది.

ఆ ఊరికి పాదిరి ఆదివారం మాత్రమే వస్తాడు. ఆంటీ ఆయనకి ఫోన్ చేసింది. ఆరాధన అయ్యాక తలుపు తీయించి, ఆ పేరు చదివి ప్రార్థన చేస్తానన్నాడు. మా టికెట్లు శనివారానికి.

శుక్రవారం సాయంత్రం గదిలో నేను లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాను. ఆవిడ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఆదివారం దాకా ఉందామా అమ్మా?"

"సోమవారం మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది ఆంటీ. నేను లేకపోతే కుదరదు."

"పోనీ నువ్వెళ్ళు. రొట్టెల కొట్టావిడ వాళ్ళింట్లో ఉండమంది. నేను వెనకాల వస్తాను."

"మిమ్మల్ని ఒంటరిగా వదలనని మీ అబ్బాయికి మాటిచ్చాను. అయినా మనం ప్రొటెస్టెంట్లం కదా, ఆ కేథలిక్కుల ప్రార్థన మనకెందుకు?"

"ప్రార్థన ఎవరు చేస్తే ఏంటమ్మా. ఆవిడ పేరు ఎవరో ఒకరు పైకి పలకాలి కదా."

అప్పుడన్నాను. ఎలా అన్నానో అలాగే రాస్తున్నాను. "మీ పిల్లలు తీసుకురానంటే నేను తీసుకొచ్చాను ఆంటీ. ఇంకా ఏం చేయమంటారు నన్ను?"

ఆవిడ నా ముఖం వైపు చూసింది. "నిజమేనమ్మా," అని లేచి, తన బట్టలు సర్దుకుని, నావి కూడా మడతపెట్టింది.

తిరిగొచ్చాం. సోమవారం మధ్యాహ్నానికి రిలీజ్ వాయిదా వేశారు. నాతో ఎలాంటి పనీ పడలేదు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెప్పి ఉంటే "పోన్లే, నీకు విశ్రాంతి దొరికింది" అనేదని నాకు తెలుసు. అందుకే చెప్పలేదు.

వసంతంలో వాళ్ళబ్బాయి ఇల్లు అమ్మించి ఆవిడని కాపెల్ తీసుకెళ్ళాడు. వెళ్ళేముందు కాఫీ కాచుకునే చిన్న గిన్నె నాకిచ్చింది. ఆదివారాలు ఫోన్ చేసేది. పాప గురించి, మామగారి గురించి అడిగేది. ఆ ఊరి మాట ఇద్దరం ఎత్తలేదు. ఆవిడ నన్ను క్షమించిందని అనుకుని నేను హాయిగా ఉన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అసలు నామీద కోపమే తెచ్చుకోలేదేమో. అది నాకు మరీ కష్టంగా ఉంది.

అంత్యక్రియలకి కాపెల్ వెళ్ళాను. చర్చిలో తెర మీద ఫొటోలు వేశారు. అందులో సగం వెనిస్‌వే. పడవలో టోపీ పెట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించుకుని. కొడుకు మైకు పట్టుకుని, "మమ్మీకి ఇటలీ అంటే ప్రాణం. వెనిస్‌లో షీ వాజ్ సో హ్యాపీ," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి, మీ అమ్మకి వెనిస్ అక్కర్లేదు, ఆవిడ అడిగింది మూడు గంటల రైలు ప్రయాణం, అని అందరి ముందూ అనేద్దామన్నంత కోపం వచ్చింది. ఆ ధైర్యం ఎక్కడిదో మరి నాకు.

భోజనాల దగ్గర అతనే వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"థాంక్యూ అక్కా. ఆ ఊరు నేను తీసుకెళ్ళాల్సింది. తీసుకెళ్ళలేదు. బట్ మీరు ఎంత బాగా చూసుకున్నారో మామ్ రోజూ చెప్పేది. ఆ గ్రాండ్‌మా కోసం సండే ప్రేయర్ కూడా చేయించారంట కదా? పేరు చదివారంట. ఆ ఒక్కటీ అయిపోయింది, ఇంక నాకు చాలు అనేది."

చుట్టూ జనం ప్లేట్లు పట్టుకుని నడుస్తున్నారు. అతను నా జవాబు కోసం చూస్తున్నాడు.

"అవును," అన్నాను.

డల్లాస్ నుంచి తిరుగు విమానంలో కళ్ళు మూసుకుంటే, మేం ఊరు వదిలిన శనివారం పొద్దు కనిపించింది. సూట్‌కేసులు ట్యాక్సీలో పెట్టించి ఆవిడ కోసం చూశాను. ఒడ్డున పొట్టి గోడ మీద నలుగురు ముసలమ్మలు రోడ్డుకి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. వాళ్ళలో మన ఆంటీ ఎవరో పోల్చుకోవడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. ఏదో చెబుతోంది. మిగతా ముగ్గురూ భుజాలు ఊగేలా నవ్వుతున్నారు. "ఆంటీ, టైమైంది!" అని పిలిచాను. వెనక్కి తిరగకుండానే, ఒక్క నిమిషం ఆగమన్నట్టు చెయ్యి పైకెత్తింది. నేను గడియారం చూసుకుని మళ్ళీ పిలిచాను. ఆ చెయ్యి ఇంకా అలాగే పైకి లేచి ఉంది.