మొలకలొచ్చిన పన

నేను అక్షరాలు నేర్చుకుంది యాభై దాటాక, మా ప్రార్థన మందిరం వరండాలో. చదువుతో ధైర్యం వస్తుందంటారు. నాకు భయం వచ్చింది. వినేటప్పుడు చెవి పక్కనుంచి పోయే మాట, వేలు పెట్టి చదివితే వదలదు. దేవుడికి అర్పించేది కుంటిదీ గుడ్డిదీ కాకూడదన్న బైబిలు వాక్యం అలాంటిదే.

మాది రేపల్లెకు దిగువన ఉన్న పల్లె. మా సంఘంలో చాలామందికి సెంటు పొలం లేదు, కూలికి వెళ్తాం. అయినా కోత పండుగకు మొదటి వరి పన, అంటే కోసి కట్టిన కట్ట, మా ఆడవాళ్లమే తెస్తాం. కోసిన చేతులే దేవుడి ముందు పెట్టాలని మా అత్తగారి నాటి ఆచారం. ఆమె తర్వాత పన మోయడం నాకు వచ్చింది. చదువు వచ్చాక కృతజ్ఞత ప్రార్థన పైకి చదవడమూ నాదే అయింది.

ఈసారి తుఫానుకు చేలు పడిపోయాయి. బురదలో కోత మిషన్ దిగదు కాబట్టి మమ్మల్ని పిలిచారు. మోకాటి లోతు నీళ్లలో వంగి పట్టుకుంటే కంకుల నిండా తెల్లటి మొలకలు. అందులోనే ఒక పన కట్టి గట్టు మీద పెట్టాను. పక్కన కోస్తున్న మా ఆడపడుచు చూసింది.

"అదేంటొదినా, పండక్కా? కోళ్లు కూడా ముట్టవు దాన్ని."

"కోళ్లకి ఇంకోటి దొరుకుద్ది. మనకి ఇదేగా."

శనివారం సంఘ పెద్ద ఇంటికొచ్చాడు. వరసకు నాకు తమ్ముడు.

"అక్కా, తెనాలి వైపు చేలు కొన్ని నిలబడ్డయ్యంట. పొద్దున్నే బండేసుకెళ్లి మంచి పన తెస్తా. అది పెట్టు."

"మనం కొయ్యంది మనమెట్టా పెడతాంరా?"

"కుళ్లింది పెడతావా? అసలే మన పాపాలకొచ్చిన తుఫాను."

"సముద్రం వేడెక్కి తుఫాన్లు వస్తన్నయ్యని టీవీలో చెప్తన్నారు. నీ మోపెడ్ వేడెక్కించిందా, నా కట్టెల పొయ్యా? పొలమున్నోళ్లకి పరిహారం రాస్తన్నారు, మనకి నువ్వు పాపం రాస్తన్నావు."

మోపెడ్ తీసుకుని వెళ్లిపోయాడు. గెలిచాననుకోలేదు నేను. తలుపేసుకుని ఆ వాక్యం మీద మళ్లీ వేలు పెట్టాను. ఇంకో అల్పపీడనం ఉందని అప్పటికే అందరి ఫోన్లకూ మెసేజీలు వస్తున్నాయి. రేపు నేనిది పెట్టి, ఎల్లుండి వాన పడితే? ఊరంతా నన్నే అంటుంది. ఊరిదాకా ఎందుకు, నేనే నమ్ముతాను.

ఆదివారం తమ్ముడు తెచ్చిన తెనాలి పన మందిరం మెట్ల దగ్గర బంగారంలా నిలబడి ఉంది. దాన్ని దాటి వెళ్లి వేదిక ముందు నాది పెట్టాను. ప్రార్థన రాసిన కాగితం తీశాను. 'సమృద్ధియైన పంట ననుగ్రహించినందుకు' అన్న చోట వేలు ఆగిపోయింది. దేవుడి ముందు అబద్ధం చదవలేక కాగితం మడిచేశాను.

"ప్రభువా, ఇంతకన్నా మంచిది మా చేతుల్లో లేదు. ఈ వేడి పుట్టించింది మేం కాదు. పుట్టించినోళ్లని నువ్వే అడుగు. కోపమొస్తే నా ఒక్కదాని మీద పడు, చేల మీద పడబాక."

ఆమేన్ రాలేదు. పాస్టరు అయ్యగారు వేదిక దిగి వచ్చి, ఆ పనను రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టారు. తెల్లబట్ట మీదికి బురద కారింది. అప్పుడు వెనక నుంచి ఆడవాళ్లు ఆమేనన్నారు.

బుధవారం సంఘ పెద్ద నవ్వుకుంటూ వచ్చాడు. "అక్కా, నీ పన ఒప్పుకున్నాడు దేవుడు! వాన మనల్నొదిలి బాపట్ల వైపు పోయింది. పిట్టలవానిపాలెం చేలన్నీ నీళ్లేనంట."

"అక్కడ మా చెల్లెలు కోతకెళ్తందిరా. వాళ్లూ పన పెట్టారు. వాళ్లదెందుకు ఒప్పుకోలేదంటావు?"

చెల్లెలికి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. కోతకు నీళ్లలోకి దిగి ఉంటుంది. మళ్లీ చేశాను.