రాజీ కుదిరేదాకా నేనే వంటమనిషిని

తొంభైల నడుమ ఒక సెప్టెంబరు నెలలో ఇథియోపియా కొండ ప్రాంతంలోని ఒక చిన్న ఊరి సెకండరీ స్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. ఢిల్లీలో ఇంటర్వ్యూ, రెండేళ్ళ కాంట్రాక్టు. దాన్ని పొడిగించడం, పొడిగించకపోవడం డైరెక్టరు చేతిలో ఉంటుంది. అక్కడ హెడ్మాస్టరును డైరెక్టరు అంటారు. విదేశీ టీచర్ల మీద ఆయన రాసే రిపోర్టులో వేళకు రావడం గురించి ప్రత్యేకంగా ఒక గడి ఉండేది. ఆలస్యానికి రాతపూర్వకంగా మూడు హెచ్చరికలు పడితే ఆ గడిలో ఏం రాస్తారో ఎవరినీ అడగనక్కర్లేదు.

నాకు ఆ పొడిగింపు దక్కితీరాలి. జమ్మలమడుగులో ఒక మిషన్ బడిలో పదకొండేళ్ళు తాత్కాలిక టీచరుగా పనిచేసి, ఆ పోస్టు కూడా వదులుకొని వచ్చాను. మా ముత్తాత కాలంలో మిషన్‌లో కలిసిన కుటుంబం మాది. చదువూ, ఆ చదువుతో వచ్చే పంతులు పనీ తప్ప మాకు వేరే ఆస్తి లేదు. తిరిగిపోతే నాకోసం ఎక్కడా కుర్చీ ఖాళీగా లేదు.

మాకిచ్చిన ఇంట్లో మేం ముగ్గురం. ముగ్గురం కడప జిల్లావాళ్ళమే కావడం చూసి మొదట్లో మురిసిపోయాం. ఫిజిక్సు చెప్పే నాగిరెడ్డిది పులివెందుల దగ్గర, వేముల పక్కన ఒక పల్లె. కెమిస్ట్రీ చెప్పే రామేశ్వరరెడ్డిది ప్రొద్దుటూరు అవతల, దువ్వూరు వైపు. ఇద్దరివీ పొలాలూ పలుకుబడీ ఉన్న కుటుంబాలు. లెక్కలవాణ్ణి కనుక వంట వంతుల పట్టిక నేనే గీసి గోడకు అంటించాను. ఆ పట్టిక సరిగ్గా తొమ్మిది రోజులు నడిచింది.

పదో రోజు సాయంత్రం టీ తాగుతూ చుట్టరికాలు తవ్వుకున్నారు. నాగిరెడ్డి మేనమామ ఒక నాయకుడి మనిషి. రామేశ్వరరెడ్డి బావమరిది ఇంకో నాయకుడి మనిషి. ఆ నాయకులిద్దరూ చెరొక పార్టీలో ఉండి ఏళ్ళ తరబడి కొట్లాడుకుంటున్నవాళ్ళు. ఆ రోజుల్లో మా వైపు మనిషికి ఇంటిపేరు ఎట్లాగో వర్గం కూడా అట్లాగే ఉండేది. వీళ్ళిద్దరూ జీవితంలో సుద్దముక్క కంటే బరువైన ఆయుధం పట్టలేదు. అయినా టీ గ్లాసులు సగంలో దింపి చెరొక గదిలోకి పోయారు.

మరునాడు నాగిరెడ్డి వంతు. అన్నం, పప్పు చేశాడు. రామేశ్వరరెడ్డి బిస్కట్లు తిని పడుకున్నాడు. ఆ మరునాడు ఈయన వండితే ఆయన అరటిపండ్లు తిన్నాడు. ఇదేం పద్ధతని రామేశ్వరరెడ్డిని అడిగాను.

"వాడు వండింది నేను తిన్యానని మా బామ్మర్దికి తెలిస్తే ఊర్లో తలెత్తుకోగలడా?" అన్నాడు.

ఇక్కడినుంచి ఆ వార్త మోసుకుపోయేదెవరని అడిగితే, "తెలుస్తాదిలేప్పా, అట్లాంటివి" అన్నాడు.

మూడో రోజు నేను వండాను. ఇద్దరూ వచ్చి కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కడుపునిండా తిన్నారు. చేతులు కడుక్కుంటూ నాగిరెడ్డి తీర్పు చెప్పాడు. "ఇంగ దినమూ నువ్వే వండప్పా. నువ్వు ఏ పక్కా లేవు కదా." ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మొదటి విషయం అదే.

దాచడమెందుకు, నాకు లోలోపల సంతోషంగానే ఉండింది. వాళ్ళ ఊళ్ళలో మా నాయన లాంటివాడు దప్పికని అడిగితే దోసిట్లో నీళ్ళు పోసేవాళ్ళు. ఇక్కడ అట్లాంటి ఇండ్ల బిడ్డలు నా చేతి కూటికోసం పళ్ళాలు పట్టుకుని కూర్చున్నారు. దేవుడు కక్షలను ఎందుకు సృష్టించాడో ఆ రోజు కొంత అర్థమయిందనుకున్నాను.

పని మాత్రం తక్కువది కాదు. అది ఎత్తైన ప్రదేశం. నీళ్ళు తొందరగా మరుగుతాయి గానీ కందిపప్పు ఎంతకీ ఉడకదు. ఎత్తు పెరిగితే నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయని నాగిరెడ్డి పదో తరగతిలో బొమ్మ గీసి మరీ చెప్పేవాడు. ఇంటికొచ్చి, "పప్పు ఉడకలేదేందప్పా" అని నన్నడిగేవాడు. కుక్కరు తెచ్చుకోవాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. కిరసనాయిలు స్టవ్వు ఒక్కటే. రాగులు దొరక్క, అక్కడివాళ్ళు రొట్టెలు చేసుకునే టెఫ్ పిండితో సంగటి కెలికేవాణ్ణి. రంగు కుదిరేది, రుచి అలవాటయింది. కోడికూర నాడు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఒకరి పళ్ళెంలో ముక్క ఎక్కువ పడితే నేను పార్టీ మారినట్టే లెక్క.

పొద్దున వంట ముగించి, రెండు క్యారియర్లు సర్ది బడికి చేరేసరికి అసెంబ్లీ అయిపోయేది. తిన్నవాళ్ళిద్దరూ వేళకు వెళ్ళేవాళ్ళు. డిసెంబరు నాటికి నాకు రెండు హెచ్చరికలు వచ్చాయి.

రెండోది ఇచ్చిన రోజు డైరెక్టరు నన్ను కూర్చోబెట్టి కారణం అడిగాడు. నెమ్మదస్తుడు. ఆయన దేశం పెద్ద యుద్ధం నుంచి బయటపడి అప్పటికి కొన్నేళ్ళే అయింది, తమ్ముణ్ణి అందులో పోగొట్టుకున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏం కీడు చేసుకున్నారని అడిగాడు. ఏమీ లేదన్నాను. వాళ్ళ తండ్రులు? ఒకరినొకరు చూడనే లేదన్నాను. మరి ఎవరికి ఎవరితో గొడవ అంటే నాయకుల సంగతి చెప్పాను. ఆ నాయకులకు వీళ్ళ పేర్లు తెలుసా అని అడిగాడు. తెలియకపోవచ్చన్నాను. మూడో హెచ్చరిక రాసే అవసరం తనకు కలిగించవద్దని మర్యాదగా చెప్పి పంపాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వండడం మానేస్తానని తెల్లారి ఇద్దరితోనూ చెప్పాను. నాగిరెడ్డి బాధపడ్డాడు. "నువ్వు గూడా ఇట్లంటే మేం యాడ తినాల?" అన్నాడు. రామేశ్వరరెడ్డి ఇంకో వారం చూడమన్నాడు. పిచ్చివాణ్ణి, సరేనన్నాను.

ఆ వారంలోనే మా అన్న పంపిన గోంగూర పచ్చడి పార్శిలు ఎక్కడెక్కడో తిరిగి వచ్చింది. సీసాకు చుట్టిన తెలుగు పేపరు విప్పి ఆబగా చదువుతుంటే లోపలి పేజీలో ఒక ఫోటో కనిపించింది. ఆ నాయకులిద్దరూ ఒకే దండలో తలలు దూర్చి, ఒకరి నోట్లో ఒకరు మిఠాయి పెట్టుకుంటున్నారు. ఎన్నికల ముందు ఇద్దరూ ఒకే పార్టీలోకి వచ్చారట. పేపరు తేదీ చూశాను. ఇక్కడ వీళ్ళు టీ గ్లాసులు దింపిన వారమే. అంటే నేను మూడు నెలలుగా చల్లారిపోయిన కక్షకు నిప్పు ఊదుతూ వండుతున్నాను.

పేపరు బల్లమీద పరిచాను. ఇద్దరూ వేర్వేరుగా వచ్చి చదివారు.

"పేపరోళ్ళు ఏమైనా రాస్తారు" అన్నాడు నాగిరెడ్డి.

ఆదివారం ఇద్దరూ వేర్వేరుగా టెలిఫోను ఆఫీసుకు పోయి, ఇండ్లకు ఫోన్లు చేసి, మాట్లాడుకుంటూ కలిసి తిరిగొచ్చారు. సోమవారం పొద్దున నేను లేచేసరికి స్టవ్వు వెలుగుతోంది. ఒకాయన ఉల్లిగడ్డలు కోస్తున్నాడు, ఇంకొకాయన బియ్యం కడుగుతున్నాడు.

"నువ్వు శానా శ్రమపడినావు దేవదానం" అన్నాడు రామేశ్వరరెడ్డి. "ఇంగ మావోళ్ళం మేం వండుకుంటాంలే. నువ్వు బడికి పో."

ఆ రోజు అసెంబ్లీకి అందరికంటే ముందున్నాను. సాయంత్రం ఇల్లు చేరేసరికి నా పళ్ళెం, నా గ్లాసు వంటింటి బయట కిటికీ గట్టు మీద ఉన్నాయి. శుభ్రంగా తోమి పెట్టారు, అన్నం కూడా మూతపెట్టి ఉంచారు. ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ అన్నం తినలేదు.

డైరెక్టరును అడిగి జనవరిలో వేరే గదికి మారాను. మూడో హెచ్చరిక రాలేదు. కాంట్రాక్టు ఒకసారి కాదు, రెండుసార్లు పొడిగించారు. ఆ ఇద్దరూ స్టాఫ్ రూములో నాతో బాగానే ఉండేవాళ్ళు. రామేశ్వరరెడ్డి ఒకసారి నా గది దాకా వచ్చి, సంగటికి పిండి ఎంత, నీళ్ళెంత అని అడిగి కాగితం మీద రాసుకుపోయాడు. లోపలికి రమ్మన్నాను, పని ఉందన్నాడు.

రిటైరై జమ్మలమడుగులో ఉంటున్నాను. మా జిల్లాలో ఇప్పటికీ ఎన్నికల ముందు ఎవరో ఒకరు రాజీపడుతుంటారు. మంచిదే, కొట్లాటలు లేకపోతే అందరికీ సుఖం. కానీ ఎవరైనా ఆ కబురు సంతోషంగా చెబితే నేను ముందు అడిగేది ఒకటే. ఇంతకాలం వాళ్ళిద్దరికీ వండిపెట్టిందెవరు, ఇప్పుడు అతను ఎక్కడ తింటున్నాడు?