కుళాయి దగ్గర ఎత్తిన చెయ్యి

ఆ రోజుల్లో నేను ఒకచోట కూర్చుని అన్నం తిన్నట్టు గుర్తు లేదు. పళ్ళెం చేత్తో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేవాణ్ణి. మా ఆవిడ ఒకటి రెండుసార్లు చెప్పి చూసి ఊరుకుంది. నా కంగారంతా ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి గురించి, వాళ్ళ స్కూల్లో కొట్లాటల మీద పెట్టిన నియమం గురించి.

నియమం చిన్నదే. ఎవరు మొదలుపెట్టారన్నది చూడరు. కొట్లాటలో చెయ్యి కదిపిన ప్రతివాళ్ళకీ ఒకటే శిక్ష. మొదటిసారి వారం రోజులు ఇంట్లో కూర్చోవాలి. రెండోసారి టీసీ.

మా అమ్మాయికి మొదటిసారి అయిపోయింది. వెనక బెంచీలో కూర్చునే పిల్ల ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఇంటర్వెల్లో నీళ్ళ కుళాయి దగ్గర మా అమ్మాయి మణికట్టు మెలిపెట్టి, సీసా లాక్కుని, నీళ్ళు పారబోసేది. ఒకరోజు మా అమ్మాయి ఓర్చుకోలేక తోసింది. ఇద్దరినీ వారం పాటు ఇంటికి పంపారు. తిరిగి వచ్చాక ఆ పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. దానికి భయం ఎందుకు లేదా అని నేను ఆలోచిస్తూ తిరిగాను. రెండు చేతులు కదిలితేనే కొట్లాట. ఒక చెయ్యే కదిలితే దూరం నుంచి అది ఆటలాగే కనిపిస్తుంది. మా పిల్ల ఇక చెయ్యి కదపలేదని ఆ పిల్లకు తెలుసు. ఆ లెక్క నాకన్నా ముందే దానికి తేలింది.

నేను ఇళ్ళ మరమ్మతులకు అంచనాలు వేస్తాను. గోడ చూసి ఇటుకలెన్నో, నేల చూసి టైల్సెన్నో చెప్తాను. ఎవరూ నేర్పలేదు, చేస్తూ చేస్తూ వచ్చింది. విరిగిపోయేవాటి కోసం ఏ అంచనాలోనైనా కాస్త ఎక్కువ కలుపుకుంటాం. పిల్ల విషయంలో ఆ ఎక్కువ ఎక్కడ కలపాలో నాకు తెలియలేదు.

ముందు విడిపించుకోవడం నేర్పాను. మా అమ్మాయి మణికట్టు పట్టుకుని, "నాలుగు వేళ్ళు ఇటు, బొటనేలు ఒక్కటే అటు. ఒక్కటి ఉన్న వైపు తిప్పి లాగు" అన్నాను. తిప్పి లాగింది. సులువుగానే వచ్చేసింది.

"వస్తాది నాన్నా. కానీ అది తూలి పడితే?"

"పడదు."

"పడితే నాకే టీసీ. అది ఏడుపు బాగా ఏడుస్తాది."

మర్నాడు పని మానుకుని హెడ్‌మిస్ట్రెస్‌ని కలిశాను. బెంగాలీ ఆవిడ, ఈ ఊరి అలవాటు ప్రకారం నన్ను దాదా, అంటే అన్నా, అని పిలుస్తూ హిందీలో మాట్లాడింది.

"చెయ్యి పట్టుకుంటే మా అమ్మాయి వెనక్కి లాక్కోవచ్చా, మేడమ్?"

"లాక్కుంటే కదిపినట్టే దాదా. వరండా నుంచి చూసే టీచరుకి లాగడమూ కొట్టడమూ ఒకేలా కనిపిస్తాయి."

"రెండో చెయ్యి పైకెత్తి ఉంచితే?"

"ఉంచుకోమనండి. క్లాసులో ఎత్తడం లేదా?"

"వచ్చి టీచరుకి చెప్తే?"

"ఇంకొకరు చూసి చెప్పాలి. ఒక్కరే చెప్పేవి రోజుకెన్ని వింటాను?" ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "మీరేమన్నా వకీలా?"

"కాదు మేడమ్. ఇటుకల లెక్క."

ఆ సాయంత్రం మా చెల్లెలు వచ్చింది. గూడ్స్ బండిలో అసిస్టెంట్ డ్రైవరు, పక్క వీధి క్వార్టర్లో ఉంటుంది. డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికే వచ్చి చారన్నం కలుపుకుంది.

"కూకో అన్నయ్యా. నువ్విలా తిరుగుతుంటే నాకు తల తిరుగుతోంది."

మా అమ్మాయి మేనత్త పక్కన చేరింది. "అత్తా, ఇంజిన్లో సిగ్నల్ నీకూ డ్రైవరుకీ ఇద్దరికీ కనపడతాది కదా. మరి గట్టిగా సెప్పుకోడం ఏటికి?"

"కనపడినా సెప్పాల. ఒకలు సెయ్యెత్తి 'హోమ్ గ్రీన్' అంటే, రెండోవోలు సూసి అదే మాట తిరిగి అనాల. ఒక్కలు సూసింది లెక్కలోకి రాదే."

"రెండోవోలు అనకపోతే?"

"అనే వరకూ మళ్ళీ అంటాను. సిగ్గేటి?"

మా అమ్మాయి తన చెయ్యి ఓసారి పైకెత్తి చూసుకుంది. పొద్దున్న జడ వేయించుకుంటూ చెప్పింది, తన పక్క బెంచీ స్నేహితురాలిని రెండోవోలుగా ఉండమని అడుగుతానని. ఆ పిల్ల మాట్లాడితే పక్కవాళ్ళకే వినపడదు. ఆ పిల్ల మీద ఆశ పెట్టుకునే అంచనా నేనైతే వెయ్యను.

ఇంటర్వెల్ వేళకు స్కూలు గేటుకి ఎదురుగా ఉన్న సైకిల్ షాపు దగ్గర నిలబడ్డాను. టైరులో గాలి బాగానే ఉన్నా మళ్ళీ కొట్టించాను. ఊచల్లోంచి కుళాయి కనిపిస్తోంది. ఆ పెద్దపిల్ల వచ్చింది, మణికట్టు పట్టుకుంది. మా అమ్మాయి ఖాళీ చెయ్యి నిటారుగా పైకెత్తి, "హాత్ పకడా" అంది, చెయ్యి పట్టుకుందని, అక్కడ అందరికీ తెలిసే హిందీలో. పిల్లలు నవ్వారు. పెద్దపిల్ల ఇంకాస్త మెలిపెట్టింది. "హాత్ పకడా." స్నేహితురాలు నేల చూస్తోంది. మూడోసారీ మా అమ్మాయి అదే మాట అంది. నేను రోడ్డు దాటేశాను, గేటు గొళ్ళెం మీద నా చెయ్యి పడింది. అప్పుడు స్నేహితురాలి పెదాలు కదిలాయి. ఏమందో నాకు వినపడలేదు, కానీ దాని చెయ్యి పైకి లేచింది. వెంటనే వరసలోని పిల్లలందరూ అదో ఆటలా "హాత్ పకడా" అని గోల మొదలుపెట్టారు. పెద్దపిల్ల వదిలేసింది.

నా సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. కుళాయి దగ్గర అరిస్తే కూడా అదే శిక్ష అని బడి వదిలేలోపు క్లాసులన్నిటికీ చెప్పించారట. నేను మళ్ళీ పళ్ళెంతో వాకిట్లో తిరగడం మొదలుపెట్టాను.

"ఇంజిన్ క్యాబులో అత్త అరవదు నాన్నా, సెప్తాది" అంది మా అమ్మాయి. "నేను సెయ్యెత్తి ఊరుకుంటాను."

"ఊరుకుంటే ఎవరు సూస్తారు?"

"రెండోవోలు సూస్తాది."

మర్నాడూ సైకిల్ షాపు దగ్గరే ఉన్నాను. షాపు దాదా ఏమీ అడక్కుండా గాలిపంపు నా ముందు పెట్టాడు. కుళాయి దగ్గర పెద్దపిల్లకి మళ్ళీ మణికట్టు దొరికింది. మా అమ్మాయి చెయ్యి లేచింది, మాట లేదు. ఈసారి స్నేహితురాలు ఆలస్యం చేయలేదు. తర్వాత వరసలో ఒకటీ అరా చేతులు, ఆ తర్వాత ఇంకొన్ని. చప్పుడు లేదు. వరండాలో ఉన్న టీచరు అందుకే ఇటు తిరిగినట్టుంది. మెట్లు దిగి వస్తుంటే అన్ని చేతులూ గాలిలో ఉన్నాయి, ఒక్క చెయ్యే కింద ఉంది, అదీ ఇంకొకరి మణికట్టు మీద.

"ఏమైంది?" అని టీచరు అడిగితే మా అమ్మాయీ స్నేహితురాలూ ఒకే మాట చెప్పారట. ఆ రోజు శిక్షకు ఒక్కరి పేరే రాసుకున్నారు.

ఇంటికి వచ్చాక మా అమ్మాయి మణికట్టుకి కొబ్బరినూనె రాశాను. ఇక దానికి టీసీ లేదు, వచ్చే ఏడు కూడా అదే స్కూలు. ఆ రాత్రి పీట వేసుకుని కూర్చుని మొదటి ముద్ద కలిపాను.

"నాన్నా, దానికిది రెండోసారి కదా," అంది మా అమ్మాయి. "టీసీ ఇచ్చేస్తారా?"

"నీకేటి, ఇయ్యనీ" అంది మా ఆవిడ.

"వాళ్ళ నాన్న కూడా గేటు దగ్గరికి వస్తాడా మరి?"

నేను పళ్ళెం తీసుకుని లేచాను.