సర్కారు పంపిన మనిషి

మా ఊళ్లో ఏజెంటు అన్న మాట తిట్టుతో సమానం. నా బామ్మర్ది నేనుండే ఒమన్‌కు వస్తానన్నప్పుడు నా భార్య ఒకే మాట మీద నిలబడింది. "ఏజెంటు గీజెంటు నాకు తెల్వదు. పోతే సర్కారు దాంట్లనే పోవాలె. రేపు ఏమన్నయితే అడుగుదామంటే ఒక మనిషి ఉంటడు" అంది. తమ్ముడంటే ఆమెకు ప్రాణం. అంతకుముందు ఒక ఏజెంటు వాడిని దుబాయి అని చెప్పి ముంబయి దాకా తీసుకుపోయి, అక్కడ వదిలేసి మాయమయ్యాడు.

అందుకని వాడు ప్రభుత్వం నడిపే ఏజెన్సీకి పోయాడు. గల్ఫుకు మనుషులను పంపడానికే పెట్టిన ఆఫీసు అది. ఏసీ మెకానిక్ పని అక్కడే నేర్పారు, పరీక్ష పెట్టారు, ఒమన్‌లో ఒక కంపెనీకి ఎంపిక చేశారు. కొత్త బిల్డింగు, కొత్త మిషన్లు, అన్నీ జనం సొమ్ముతో వచ్చినవే. వాడు ఫోన్లో మురిసిపోతూ చెబుతుంటే నాకూ సంతోషమనిపించింది. అయితే వీసా వచ్చేలోపే ఆ ఏజెన్సీని ఒక ప్రైవేటు సంస్థ చేతిలో పెట్టారు. గుమ్మం మీద బోర్డు మారలేదు, బోర్డు మీది ముద్రా మారలేదు. ముద్ర ఉంటే సర్కారే అనుకుంటాం మేము. మాకు తెలిసింది అంతే.

నేను మస్కట్‌లో, ఘాలా అనే చోట ఒక గ్యారేజీలో స్పేర్ పార్ట్స్ స్టోరు చూస్తాను. వాడిని కంపెనీ బండి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా దూరాన నిజ్వాలో ఉన్న కూలీల క్యాంపుకు తీసుకుపోయింది. కొన్నాళ్లకు ఫోను చేశాడు.

"బావా, ఏసీ ముచ్చటే లేదు ఈడ. సిమెంటు ఇటుకలు మోపిస్తున్రు. ఫోర్‌మన్‌ను అడిగితే మెకానిక్‌లు ఫుల్లున్నరు, నోరు మూసుకొని చెయ్యి అంటున్నడు. పాస్‌పోర్టు గుంజుకున్నరు. నడుము ఇరుగుతున్నది బావా. సీబ్‌ల ఒకాయన ఏసీ పని ఇస్తనన్నడు. ఖల్లివెల్లి అయిపోత."

ఖల్లివెల్లి అంటే అరబ్బీలో 'పోనీ, వదిలెయ్' అని. మా వాళ్ల నోట్లో మాత్రం అది ఒక మనిషి పేరు. కంపెనీని వదిలి, చెప్పకుండా పోయి, ఎక్కడో దొంగతనంగా పని చేసుకునేవాడు ఖల్లివెల్లి. వాడికి లేబర్ కార్డు ఉండదు. జ్వరమొస్తే ఆస్పత్రికి పోవాలంటే భయం. ఇంటికి పోదామంటే దారి ఉండదు. తండ్రి పోయాడని తెలిసి, ఫోన్లోనే శవాన్ని చూసి, గోడకు తల ఆనించి ఏడ్చినవాడిని నేను కళ్లారా చూశాను.

"ఏయ్, తొందరపడకు. నువ్వు సర్కారు పంపిన మనిషివిరా. నేను అడుగుత, జవాబు తెస్త" అన్నాను.

ఇక అడగడం మొదలుపెట్టాను. ఏజెన్సీలో ఫోనెత్తినామె మర్యాదగానే మాట్లాడింది. "సార్, ఆ సెలక్షన్ పాత మేనేజ్‌మెంట్ టైములోది. గవర్నమెంటును అడగండి" అంది. గవర్నమెంటు ఆఫీసులో అడిగితే, "ఏజెన్సీ ఇప్పుడు మా చేతిలో లేదయ్యా, వాళ్లనే అడుగు" అన్నారు. ఎవరికి వారే యమునా తీరే! ఎంబసీలో అర్జీ తీసుకున్నారు. పంపిన ఏజెన్సీ నుంచి జవాబు రావాలన్నారు. సబబే. ఆ జవాబు ఇచ్చే నాథుడే లేడు.

ఇంతలో మన దగ్గర నుంచి ఒక పెద్దాఫీసరు, ఆ ప్రైవేటు సంస్థ మేనేజరు కలిసి మస్కట్ వస్తున్నారని తెలిసింది. కార్మికుల సమస్యలు వింటారట. శుక్రవారం ఘుబ్రాలో ఒక హోటల్ హాల్లో మీటింగు. బామ్మర్ది నిజ్వా నుంచి బస్సులో వచ్చాడు. ఎండకు నల్లగా కమిలిపోయి, బుగ్గలు లోపలికి పోయి, ఒక్క క్షణం నేనే గుర్తుపట్టలేదు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు, ఆఫీసరు ముందు నిలబడాలని.

హాల్లో శాలువాలు, పూలగుత్తులు, ఫోటోలు. ప్రైవేటు చేతికి పోయాక పని ఎంత చురుగ్గా సాగుతోందో తెరమీద బొమ్మలు వేసి చూపించారు. నాకు ఒళ్లు మండింది. లేచి అడిగాను. "సార్, ఆ బిల్డింగు, ఆ మిషన్లు జనం సొమ్ముతో కొన్నరు గదా. వాటితోపాటు మా బాధ్యత గూడ వాళ్లకు అప్పజెప్పిన్రా, లేకుంటే అది మీ దగ్గరనే ఉన్నదా?"

ఆఫీసరు నవ్వాడు. "అది పాలసీ విషయం బాబూ. మీ సమస్య చెప్పు."

బామ్మర్ది లేచాడు. "సార్, కంపెనీని ఇడిసిపెట్టి పోయినోన్ని ఈడ ఖల్లివెల్లి అంటరు, పోలీసులు పట్టుకుంటరు. మమ్ముల పంపి ఇడిసిపెట్టినోళ్లను గూడ గట్లనే అనాలె గదా సార్? మా ఏజెన్సీనే ఖల్లివెల్లి అయింది."

హాలంతా ఒక్కసారి చప్పట్లు. ఆఫీసరు మాత్రం తల ఊపుతూ పక్కనున్న మేనేజరు వైపు తిరిగాడు. "ఖల్లివెల్లి కంపెనీ మీద కంప్లైంట్. నోట్ చేసుకోండి. ఆ కంపెనీకి ఇక మనుషుల్ని పంపొద్దు."

మేనేజరు రాసుకున్నాడు. మా వాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, ఛీ. పక్కకు చూస్తే బామ్మర్ది నవ్వడం లేదు. ఆఫీసరు నోటివైపే చూస్తున్నాడు, ఇంకేమైనా అంటాడేమోనని. ఆయన అప్పటికే పక్క వరుసను పిలిచాడు.

బస్సు దగ్గర సమోసాల పొట్లం చేతిలో పెడితే తీసుకోలేదు. "ఆయనకు మన మాటనే తెల్వదు బావా. మన గోస ఏం తెలుస్తది" అన్నాడు. ఆగమని మళ్లీ చెప్పాను. సరేనన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆ వారంలోనే వాడి ఫోను మూగబోయింది. నిజ్వాకు పోతే మంచం ఖాళీగా ఉంది. పారిపోయాడని కంపెనీ ఫిర్యాదు పెట్టేసింది. సీబ్‌లో వాడు చెప్పిన మనిషిని పట్టుకుని అడిగితే, అసలు రానే లేదన్నాడు.

తర్వాత ఒకరోజు ఏజెన్సీ నుంచి నాకు ఫోనొచ్చింది. నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా తిరిగి చేయనివాళ్లు! అదే మేనేజరు. "మీ మనిషి పారిపోవడం వల్ల కంపెనీ ముందు మాకు తలవంపులయింది. ఫారం మీద బంధువుగా మీ పేరుంది. వాణ్ని తెచ్చి అప్పజెప్పే బాధ్యత మీదే" అన్నాడు.

"ఇప్పుడు గుర్తొచ్చిండా వాడు మీకు?" అని అరిచాను. అవతల పెట్టేశారు.

అదే సమయానికి ఇంటినుంచి నా భార్య ఫోను, తమ్ముడి జాడ తెలిసిందా అని. ఆ కోపంలోనే, ఏజెన్సీ వాళ్లు ఫోను చేశారని నోరుజారాను.

"సర్కారోళ్లా?" ఆమె గొంతులో ఎన్నాళ్లకో ప్రాణం లేచొచ్చింది. "నేను చెప్పలే? ఎతుకుతున్నరన్నట్టే గదా! ఏమన్నరు, ఎప్పుడు తెస్తరట తమ్ముణ్ని?"