కిరీటంలో ఏడు మడతలు

2022 వేసవి. దివిసీమలో ఒక ఊరి కొలుపులకి పౌరాణిక నాటకం. రెండు డ్రెస్ బాక్సులు, విగ్గుల పెట్టె, ఆరు సీన్లు వ్యానులో వేసుకుని బందరు నుంచి మధ్యాహ్నానికే బయల్దేరాను. సీన్లంటే చూసే సీన్లు కావండోయ్, వెనకాల కట్టే బొమ్మల తెరలు. దర్బారు ఒకటి, అడవి ఒకటి, వీధి ఒకటి. మా వృత్తిలో అన్నిటికీ ఇంగ్లీషు పేర్లే, చేసేది మాత్రం పురాణం.

నా పేరు నాగమణి. నాటకాలకి డ్రెస్సులు అద్దెకిచ్చే షాపు మాది. మా మావగారు పెట్టింది. నేను కాపురానికొచ్చిన రోజుల్లో మా సందు సందంతా ఇదే వ్యాపారం. కింద డ్రెస్ షాపులు, విగ్గులు కట్టేవాళ్ళు, హార్మోనియాలు బాగుచేసేవాళ్ళు. మేడ మీద గదుల్లో కాంట్రాక్టర్లు. కాంట్రాక్టరంటే ఒక్కో ఊరి నుంచి ఒక్కో ఆర్టిస్టుని పిలిచి, నాటకాన్ని కుదిర్చి పంపేవాడు. తెరల మీద అంచులకి అద్దకం వేయడానికి పెడన నుంచి మనుషులొచ్చేవారు. ఉయ్యూరు మిల్లులో చెరుకు ఆడి, రైతుల చేతిలో డబ్బాడే రోజుల్లో మాకు చేతినిండా పనే. లారీ దొరక్కపోతే గిలకలదిండి చేపలరేవు ఐసు బండి మీద వేసి పంపేవాళ్ళం. ఆ దర్బారు తెర ఉతికినా ఎండబెట్టినా చేపల కంపు కొడుతూనే ఉండేది. రాజుగారు సింహాసనం మీద కూర్చుని ముక్కు చిట్లిస్తే జనం అది కోపం అనుకునేవారు! ఇప్పుడు ఆ సందులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మా షాపూ, చివర ఒక విగ్గుల షాపూ మిగిలాం.

మా నాటకాల్లో ఒక పద్ధతుంది. ముఖ్యమైన వేషాన్ని రాత్రంతా ఒక్కరే పాడలేరు కాబట్టి ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. ఫస్ట్ పార్ట్ ఒకరు, సెకండ్ పార్ట్ ఇంకొకరు. మనిషి మారినా రాజు మారలేదని జనానికి తెలియాలి కదా, అందుకని కిరీటం ఒక్కటే. తెర దించి, లోపల ఒకరి తల మీంచి తీసి ఇంకొకరికి పెడతాం. ఎవరి తల ఎంతో నా కొలతల పుస్తకంలో ఉంటుంది. బిగుతైతే వెనక స్క్రూ తిప్పి, వదులైతే లోపల పాత గుడ్డ మడతలు పెట్టి సరిచేస్తాం.

ఫస్ట్ పార్ట్‌కే గౌరవం. జనం నిండుగా, మెలకువగా ఉంటారు. ఆ పార్ట్‌కి ఊరివాళ్ళు తాంబూలం ఇచ్చి పిలిస్తే ఇక మాట తిరగదు. ఈ ఊళ్ళో ఏం చేశారూ, ప్రెసిడెంటుగారు ఒకరికి ఇచ్చారు, ఆయన బావమరిది ఇంకొకరికి ఇచ్చాడు. బావా బావమరుదులకి చేపల చెరువు గట్టు దగ్గర తగాదా వచ్చి మాటల్లేవట. ఒకే కమిటీలో ఉండి ఒకళ్ళనొకళ్ళు అడగలేదు. సాయంత్రం ఐదింటికి మేకప్ గదిలోకి ఇద్దరు ఫస్ట్ పార్ట్ రాజులు దిగారు.

ఒకరు యోహానుగారు. బస్సు కండక్టరుగా రిటైరయ్యారు. ఆదివారం చర్చిలో కీర్తనలు, సోమవారం మా తెర ముందు రాజు వేషం. ముప్ఫై ఏళ్ళుగా ఆ కిరీటం ఆయనదే. రెండోది సుజాత, గుడివాడలో మ్యూజిక్ టీచరు. ఆడపిల్ల రాజు వేషం వేయడం మాకు కొత్త కాదు కానీ, ఫస్ట్ పార్ట్ తాంబూలం అందుకోవడం ఆ అమ్మాయికి అదే మొదలు. స్కూల్లో తోటి టీచర్లు కూడా ఆటో కట్టించుకుని వచ్చారు.

ప్రెసిడెంటుగారు తల గోక్కుని, “అమ్మా, కిరీటం మీ చేతిలో ఉంది. ఎవరికి ముందు పెడితే వాళ్ళే ఫస్ట్. మీరే తేల్చండి” అనేసి జారుకున్నారు. పెద్దమనిషి!

సుజాత మేకప్ అయ్యి బయటికెళ్ళాక, యోహానుగారికి కొలత చూద్దామని టోపీ తీయమన్నాను. తీయలేదు. తలుపు దగ్గరికి వేసి వచ్చి అప్పుడు తీశారు. ఒక్క వెంట్రుక లేదు. ఒత్తుగా ఉండే జుట్టు, నా పుస్తకంలో కొలతంతా ఆ జుట్టు మీద రాసిందే.

“ఏంటండీ ఇది?”

“ఛాతీలో జబ్బు చేసిందమ్మా. మందులెక్కించారు. ఇప్పుడు తగ్గింది. ఊపిరే ఇంకా పూర్తిగా అందట్లా. సెకండ్ పార్ట్ ఇస్తే అర్ధరాత్రి దాటేదాకా ఒళ్ళు నిలవదు. ఈ గంటన్నర పాడగలనో లేదో చూసుకోవాలి. పాడలేకపోతే మానేస్తా. ఎవరికీ చెప్పకు తల్లీ. జబ్బు మనిషంటే ఇంకెవ్వరూ పిలవరు.”

చీర పాతదొకటి పెట్టెలో ఉంటే చింపి, కిరీటంలో ఏడు మడతలు కుట్టాను. ముప్ఫై ఏళ్ళలో ఆయనకి ఒక్క మడత కూడా పట్టలేదు.

బయటికొచ్చి సుజాతకి అబద్ధం చెప్పాను. “నీ కొలతకి స్క్రూ పట్టట్లేదమ్మా. విప్పి బిగించేసరికి ఆలస్యమవుతుంది. ఆయన్ని ముందు వెళ్ళనీ.”

“కిరీటం ఒకసారి ఇటివ్వండక్కా.”

“ఇవ్వను.”

“నేను కొత్తదాన్ననేగా?” అంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, మేకప్ పాడవుతుందని తుడుచుకోను కూడా లేదు.

ఎనిమిదింటికి తెర లేచింది. మొదటి పద్యం యోహానుగారు బాగానే లాగారు. రెండో పద్యం చివర రాగం అందుకున్నారు, సగంలో ఊపిరి ఆగింది. దగ్గినట్టు నటించి, మీసం మెలేసి సర్దుకున్నారు. జనానికి తెలియలేదు, నాకు తెలిసిపోయింది. ఇంకో పెద్ద పద్యం ఉంది, దానికి మూరెడు రాగం.

సుజాత పక్క తెర దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నేను వెళ్ళి చెవిలో చెప్పేశాను. “స్క్రూ బాగానే ఉందమ్మా. ఆయనకి పెద్ద జబ్బు చేసింది. ఊపిరి అందట్లేదు. ఈ పద్యం తప్పితే ఆయనిక స్టేజీ ఎక్కరు.”

నా వంక ఒక చూపు చూసింది. అబ్బో, ఆ చూపు! హార్మోనిస్టు పక్కన తెర చాటుకి వెళ్ళి, ఆయన మైకు తన వైపు తిప్పుకుంది. మా నాటకాల్లో మగవాళ్ళు కూడా ఎత్తు శృతిలోనే పాడతారు, ఆడగొంతు అందులో ఇట్టే కలిసిపోతుంది. యోహానుగారు పద్యం ముగించి రాగం ఎత్తారు. ఊపిరి తెగబోయేచోట సుజాత అందుకుంది. ఆయన నోరు తెరిచి, చెయ్యి చాచి అలాగే నిలబడ్డారు. రాగం మాత్రం పైకి, ఇంకా పైకి.

జనం లేచి నిలబడి “వన్స్‌మోర్!” అని ఒకటే కేకలు. వన్స్‌మోర్ అంటే పద్యం మళ్ళీ మొదటినుంచీ పాడాలి. యోహానుగారు బిత్తరపోయి పక్క తెర వైపు చూశారు. సుజాతకి నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకుందామంటే రాజు వేషానికి కొంగేదీ! వేలితో ‘కానివ్వండి’ అని సైగ చేసింది. మళ్ళీ ఇద్దరూ కలిసి లాగారు.

పార్ట్ అయ్యాక తెర దించబోతే యోహానుగారు వద్దన్నారు. మైకు ముందుకొచ్చి, “అయ్యా, అమ్మా, మీరు వన్స్‌మోర్ కొట్టింది నా ఒక్కడికే కాదు. అందులో సగం గొంతు సుజాత టీచరుగారిది” అని, ఆ అమ్మాయిని స్టేజీ మీదికి పిలిచి, అందరి ముందూ కిరీటం, విగ్గు తీసేశారు. లైట్ల కింద ఆ బోడితల మెరిసింది.

కిరీటం సుజాత తల మీద పెట్టబోతే ఎక్కదే! ఏడు మడతలున్నాయిగా. ఆయన దారం తెంపి గుడ్డ లాగడం మొదలెట్టారు. నా ఆకుపచ్చ చీర ముక్క వస్తోంది, వస్తోంది, వస్తూనే ఉంది. ముందు ఆయనే నవ్వారు. తర్వాత సుజాత, తర్వాత ఊరంతా. నేను తెర వెనక సిగ్గుతో చచ్చి, నవ్వుతూ ఏడ్చాను. బావా బావమరుదులిద్దరూ పక్కపక్కన నిలబడి చప్పట్లు కొట్టడం కూడా చూశాను.

తెల్లారి సామాను సర్దుతుంటే సుజాత వచ్చింది. “ఫస్ట్ పార్ట్ పోయినందుకు కాదక్కా నా కోపం. ముందే చెబితే నేనే ఆయనకి వదిలేసేదాన్ని. నన్నెందుకు అంత చిన్నదాన్ని చేశారు?”

తప్పు ఒప్పుకున్నాను. ఇన్నేళ్ళూ తెర వెనక దాచడమే నా పని అనుకున్నాను. జనం దగ్గర దాచాలి, నిజమే. పక్కన వేషం కట్టినవాళ్ళ దగ్గర దాస్తే మాత్రం వాళ్ళు మంచివాళ్ళయ్యే అవకాశం మనమే లాగేసుకున్నట్టు. అది ఆ అమ్మాయి దగ్గరే నేర్చుకున్నాను.

ఇప్పుడు వాళ్ళిద్దర్నీ కలిపే పిలుస్తున్నారు. కొలతల పుస్తకంలో యోహానుగారి పేరు కింద ఏడు మడతలు, తర్వాత ఐదు, తర్వాత రెండు అని రాసుంది. పోయిన నెల పెడనలో నాటకానికి కిరీటం పెడుతుంటే, “ఏంటమ్మా నాగమణీ, ఇంత బిగుతుగా పెట్టావ్? జుట్టు లాగేస్తోంది!” అని గయ్యిమన్నారు.

ఇంకెవరైనా అలా అరిచుంటే ఊరుకునేదాన్ని కాదు. ఆయనతో మాత్రం, “ఏదీ, ఇంకోసారి అనండి” అన్నాను.